ఆరాధన వేదికపై అభ్యర్థికి మైకు ఇవ్వవచ్చునా?

పలాస సభ్యుడు: గత ఎన్నికలకు ముందు ఆదివారం మా సంఘకాపరి ప్రసంగం ముగించి, ఒక అభ్యర్థిని వేదికపైకి పిలిచి, ఆయన కోసం ప్రార్థించి, మైకు చేతికిచ్చారు. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ ప్రచారానికి వాడరాదని 1988 నాటి చట్టం చెబుతున్నది. అంతకన్నా ముఖ్యంగా, లోకపు అధికారులు జనంపై పెత్తనం చేసినట్లు మీ మధ్య ఉండకూడదని మార్కు 10వ అధ్యాయంలో ప్రభువే శిష్యులను హెచ్చరించారు.

టెక్కలి ఉపాధ్యాయుడు: అధికారులందరి కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు. ప్రార్థన ఎలా తప్పవుతుంది, సోదరా?

పలాస సభ్యుడు: నేను తప్పుపట్టినది ప్రార్థనను కాదు, మైకును.

టెక్కలి ఉపాధ్యాయుడు: అధికారి దేవుని పరిచారకుడని రోమా 13లో ఉన్నది. అటువంటివానిని మౌనంగా కూర్చోబెట్టి పంపడం మర్యాద కాదు.

పలాస సభ్యుడు: ఆయన ఇంకా అధికారి కాలేదు, అభ్యర్థి మాత్రమే.

బొబ్బిలి సభ్యుడు: మన ప్రాంతంలో చాలా సంఘాలు కెనడా బాప్టిస్టు మిషన్ నాటినవి. రాజుకు ప్రజల ఆత్మలపై అధికారం లేదని 1612లో రాసి, లండన్ చెరసాలలో ప్రాణం విడిచిన థామస్ హెల్విస్ కూడా ఆ బాప్టిస్టు శాఖవాడే కదా.

పాలకొండ సోదరి: మీరంతా వచనాలు లెక్కపెడుతున్నారు గాని, మా నాన్నగారి శవపేటికను సమాధుల స్థలం లేనందున రెండు గంటలు పొలం గట్టున దించి ఉంచిన రోజు నేను మరువలేను. ఆ స్థలం కోసం ఆరేళ్లు అర్జీలు పెట్టాము, ఎవరూ కదలలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన, క్రైస్తవులమని చెప్పుకున్న దళితులం రిజర్వుడు స్థానంలో పోటీకి నిలబడలేము. మాలో ఒకరు శాసనసభకు వెళ్లే ఆ దారి మూసి ఉన్నప్పుడు, వచ్చినవానిని వేదికమీదనే నిలబెట్టి, అందరూ వినగా మాట తీసుకోవడం తప్ప మాకు మిగిలినదేమిటి? జీతం రాళ్లున్నవారికి అధికారానికి దూరంగా ఉండడం భక్తిగా కనిపించవచ్చు.

పలాస సభ్యుడు: అక్కా, ఆ మాట నన్ను గాయపరచినది. నేనూ కూలివాని కొడుకునే. స్థలం అడగడానికి సంఘమంతా కలిసి తహసీల్దారు వద్దకు వెళ్లితే ముందు వరుసలో నేనే ఉంటాను. కాని మా సంఘ పెద్దలు సభ్యులను ఒక్క మాటా అడగకుండా మా ఓట్లన్నీ ఆయనవేనని ముందే చెప్పివచ్చారు.

పాలకొండ సోదరి: అడగకపోవడం అన్యాయమే, తమ్ముడూ. అయితే సభ్యులందరినీ అడిగి, అందరూ సరేనంటే, అప్పుడైనా మీ అభ్యంతరం నిలుస్తుందా?

పలాస సభ్యుడు: నిలుస్తుంది. ఎదుటి పార్టీలో పనిచేసే మా పెద్దన్న ఆ ఆదివారం నుండి ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, రావడం మానుకున్నాడు.