నాన్న డబ్బాలో మూడు తేడా నాణేలు దొరికాయి, మింటు తప్పా, బయట ఎవరైనా చేసిందా?

గోవిందరాజ_వీధి_షాపు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న పూజాసామాన్ల షాపు. నాన్న ముప్పై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. చిల్లరలో ఏదైనా వింతగా కనిపిస్తే ఖర్చు పెట్టకుండా ఒక బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్లు. ఆయన పోయి ఏడాదైంది, సంవత్సరీకం అయ్యాక అటక సర్దుతుంటే ఆ డబ్బా దొరికింది. చాలావరకు మామూలు పాత పైసలే, మూడు మాత్రం తేడాగా ఉన్నాయి.

మొదటిది 2000 సంవత్సరం స్టీలు రూపాయి, కంకుల బొమ్మది. అచ్చు మొత్తం ఒక పక్కకు జరిగిపోయింది, అటువైపు నెలవంకలాగా ఖాళీ. రెండోది 2008 రూపాయి, బొటనవేలు గుర్తుది. ఒకవైపు వేలు మామూలుగానే ఉంది, రెండోవైపు కూడా అదే వేలు, కానీ అద్దంలో చూసినట్టు తిరగబడి లోపలికి దిగి ఉంది. మూడోది పది రూపాయలు, చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు ఉంటుంది కదా, ఆ మధ్య తెల్లబిళ్ల వెనకాముందూ అయి ఉంది, అంటే సింహాలు ఉండాల్సిన వైపు పది అంకె ఉంది.

ఫోటోలు ఒక వీడియో కింద కామెంట్లో పెట్టాను. మరుసటి రోజే ఫోన్ వచ్చింది, మూడూ కలిపి 8 లక్షలకు తీసుకుంటాం, ముందు రిజిస్ట్రేషన్‌కు 2,450 కట్టమన్నారు. ఊళ్లో ఒకాయనకు చూపిస్తే భూతద్దం కూడా పెట్టకుండా మూడింటికీ 500 ఇస్తానన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నాకు అమ్మే తొందర లేదు. నాన్న దాచినవి నిజమైనవేనా, వాటిని ఎలా తేల్చుకోవాలి, అది తెలిస్తే చాలు.

రేణిగుంట_నుంచి

అన్నా, నాణేల సంగతి పెద్దవాళ్లు చెప్తారు కానీ ముందు ఆ 2,450 కట్టొద్దు. కొనేవాడు నీకు డబ్బులివ్వాలి గానీ నువ్వు వాడికి కట్టడమేంటి? ఇవాళ రిజిస్ట్రేషన్ అంటారు, రేపు జీఎస్టీ అంటారు, ఎల్లుండి రిజర్వ్ బ్యాంక్ అనుమతి అంటూ ముద్ర వేసిన కాగితం వాట్సాప్‌లో పంపుతారు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే స్పష్టంగా ప్రకటించింది, పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో తమకు సంబంధం లేదు, ఇలాంటి వాటికి ఫీజు గానీ కమీషన్ గానీ తాము అడగం, తమ పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు అని. మా పిన్నిగారు వైష్ణోదేవి ఐదు రూపాయల బిళ్ల పట్టుకుని ఇలాగే రెండు విడతలుగా 6,000 పోగొట్టుకున్నారు. మీరు ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు దొరకదు.

చిత్తూరు_పాతనాణెం

తమ్ముడూ, నాన్నగారు మంచి కన్నున్న మనిషి. నేను పాతికేళ్ల నుంచి తప్పు నాణేలే పోగేస్తున్నాను, కాబట్టి నాకు తెలిసిన పద్ధతి చెప్తాను.

ఏ తేడా నాణెం చూసినా నేను అడిగేది ఒకటే: ఇది మింటులో ఏ దశలో ఇలా అయి ఉంటుంది? నాణెం తయారీ నాలుగు మాటల్లో తేలిపోతుంది. లోహపు రేకులోంచి బిళ్లలు కొట్టి తీస్తారు, వాటిని వేడిచేసి మెత్తబరుస్తారు, అంచు కొద్దిగా లేపుతారు, ఆ తర్వాత బిళ్లను ఒక ఉక్కు రింగులో కూర్చోబెట్టి పైనొక అచ్చు, కిందొక అచ్చు పెట్టి ఒక్క దెబ్బ కొడతారు. బొమ్మా బొరుసూ రెండూ ఆ దెబ్బలోనే పడతాయి. నీ చేతిలోని తేడా ఈ మెట్లలో ఏదో ఒక దగ్గర పుట్టడానికి వీలుండాలి. ఎక్కడా కుదరకపోతే అది బయట ఎవరో చేసింది, లేదా దెబ్బ తిన్నది.

నీ మొదటి రూపాయి సంగతి చూద్దాం. బిళ్ల రింగులో సరిగ్గా కూర్చోకముందే దెబ్బ పడితే బొమ్మ పక్కకు పోతుంది, ఇది నిజంగా జరిగేదే. పరీక్ష ఏంటంటే, సింహాల వైపు ఎక్కడ ఖాళీ ఉందో నాణెం తిప్పితే సరిగ్గా అదే అంచు దగ్గర వెనక కూడా ఖాళీ ఉండాలి, ఎందుకంటే రెండు అచ్చులూ ఎదురెదురుగా ఉంటాయి, పక్కకు జరిగింది బిళ్ల. బొమ్మ ఆగిన చోట అచ్చు అంచు ఒకే వంపులో, తెగకుండా కనిపించాలి. ఖాళీ భాగం మీద భూతద్దం పెట్టు. మింటుదైతే అది కొట్టని బిళ్ల చర్మం, కాస్త మసకగా, గీతలున్నా తలోవైపు ఉంటాయి. ఎవరైనా బొమ్మను అరగదీసి ఉంటే గీతలన్నీ ఒకే దిక్కుకు వరసగా ఉంటాయి, అక్కడ మందం కూడా తగ్గుతుంది. రింగు పట్టు లేకుండా దెబ్బ తిన్నది కాబట్టి అసలైనది పూర్తి గుండ్రంగా ఉండదు, కొంచెం సాగి ఉంటుంది.

ఇప్పుడు తూకం. మీ వీధిలోనే నగలు చేసే ఆచారులుంటారు, వాళ్ల కాటా మీద పెట్టించు, రెండు దశాంశాల వరకూ రాసుకో. ఆ కంకుల రూపాయి, వేలు రూపాయి రెండూ 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. పది రూపాయలది 7.71 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. చిల్లరలో తిరిగి అరిగినవి కొద్దిగా తగ్గుతాయి. బొమ్మ పక్కకు పోయినా బిళ్ల బిళ్లే కాబట్టి తూకం తగ్గకూడదు. అయస్కాంతం కూడా పెట్టు, రూపాయి నాణేలు రెండూ స్టీలు కాబట్టి అంటుకోవాలి.

తూకం ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే నా అనుభవం ఒకటుంది. చాలా ఏళ్ల క్రితం ఒక నాణేల ప్రదర్శనలో అంచు కొరికినట్టున్న ఐదు రూపాయల నాణెం 1,200 పెట్టి కొన్నాను. రేకులో ముందు కొట్టిన రంధ్రం మీదికి బిళ్లలు కొట్టే పనిముట్టు మళ్లీ పడితే బిళ్లకు అలాంటి కొరుకుడు వస్తుంది. అలా వచ్చిన బిళ్లకు అంచు లేపేటప్పుడు కొరికిన చోట పట్టు ఉండదు కాబట్టి దానికి ఎదురు అంచు కూడా పలచబడి, సరిగా లేవకుండా ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆ రోజు ఎదురు అంచు చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే అక్కడ అంచు నిండుగా ఉంది. కొరికిన చోట ఆకురాయి గీతలు. నెల రోజులు నిద్ర పట్టలేదు.

రెండోదాన్ని మా వాళ్లు లఖీ అంటారు. కొట్టిన నాణెం బయటికి పోకుండా ఒక అచ్చుకే అతుక్కుపోతే తర్వాత వచ్చిన బిళ్లకు ఆ అచ్చుకు బదులు ఆ నాణెమే గుద్దుకుంటుంది, అందుకే ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి గుంటగా వస్తుంది. ఇక్కడ ఒక్కటి చూడు: ఆ గుంట వేలు ఉన్న వైపు సింహాల జాడ ఎక్కడైనా ఉందా? అసలు లఖీలో ఆ బిళ్లకు సింహాల అచ్చు తగలనే లేదు, కాబట్టి చిన్న గీత కూడా ఉండకూడదు.

పదిరూపాయల గురించి లేత్ తమ్ముడు చెప్తే బాగుంటుంది.

పుత్తూరు_లేత్

అన్న పిలిచాడు కాబట్టి వచ్చాను. పదిరూపాయలది మింటు తప్పు కాదు, ఫోటో చూడకుండానే చెప్తున్నా. ఆ నాణేనికి పసుపు రింగు, తెల్ల బిళ్ల విడివిడిగా తయారై, ఏ బొమ్మా లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, అప్పుడు ఒకే దెబ్బకు రెండూ బిగుసుకుని బొమ్మలు పడతాయి. దెబ్బ పడకముందు మధ్య బిళ్లకు బొమ్మా లేదు, బొరుసూ లేదు. అలాంటప్పుడు అది తిరగబడడానికి అవకాశమెక్కడిది? ఎటు తిప్పి పెట్టినా పైఅచ్చు కింద ఉన్న వైపు పైబొమ్మే పడుతుంది. అంటే కొట్టిన తర్వాత ఎవరో మధ్యది బయటికి తోసి, తిప్పి మళ్లీ కొట్టారు. మా షాపుకు ఒక కుర్రాడు ఇదే పని చేసిపెట్టమని వచ్చాడు, వద్దని పంపేశాను. రెండు లోహాలు కలిసే గీత వెంట చూడండి, సుత్తి దెబ్బకు నలిగిన అంచు గానీ, సన్నటి సందు గానీ కనిపిస్తుంది. మింటులో నిజంగా జరిగేవి వేరే ఉన్నాయి, మధ్య బిళ్ల లేకుండా రింగు ఒక్కటే దెబ్బ తినడం, బిళ్ల సరిగా కూర్చోక పక్కకు ఎక్కడం లాంటివి.

లఖీ సంగతికి ఒక మాట కలుపుతా. రెండు నాణేలు ఎదురెదురుగా పెట్టి బెంచి వైసులో బిగిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాంట్లో గుంటగా దిగుతుంది. దీంట్లో లోహం పోదు, అందుకని తూకం సరిగ్గానే వస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. స్టీలు గట్టిది కాబట్టి గుంట లోతుగా దిగదు, వెనకవైపు మామూలు బొమ్మ కూడా వైసు దవడలకు నలిగి ఎత్తైన చోట్ల చదునుగా మెరుస్తుంది.

మదనపల్లె_చిల్లర

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా దగ్గర రెండు రూపాయల నాణెం ఉంది, సింహాలు నిటారుగా పెట్టి కింద నుంచి పైకి తిప్పితే అంకె తలకిందులుగా వస్తోంది. ఇది కూడా తప్పేనా? ఇంకోటి, దాంట్లో సంవత్సరం కింద ఏ గుర్తూ లేదు.

చిత్తూరు_పాతనాణెం

రెండూ మామూలే అప్పా. మన నాణేలను పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పి చూడాలి, అప్పుడు అంకె నిటారుగా ఉంటే సరైనదే. అమెరికా నాణేలు కింద నుంచి పైకి తిప్పాలి, వాళ్ల వీడియోలు చూసి చాలామంది ఇక్కడ పొరబడుతున్నారు. ఇక గుర్తు అంటావా, అది ఏ ఊరి మింటులో కొట్టారో చెప్తుంది, హైదరాబాద్‌కు నక్షత్రం, నోయిడాకు చుక్క, ముంబైకి డైమండ్, కోల్‌కతాకు ఏమీ ఉండదు. నీది కోల్‌కతాలో కొట్టింది.

గోవిందరాజ_వీధి_షాపు

అన్నా, ఇవాళ పొద్దున షాపు తెరవకముందే ఆచారి దగ్గరికి వెళ్లాను. కంకుల రూపాయి 4.83, వేలు రూపాయి 4.84, పది రూపాయలు 7.69. రూపాయి నాణేలు రెండూ అయస్కాంతానికి అంటుకున్నాయి.

ఆయన కంటికి పెట్టుకునే అద్దం ఇస్తే పది నిమిషాలు చూశాను. వేలు రూపాయిలో గుంట పక్కన, అంచుకు దగ్గరగా, సింహం కాలు సగం కనిపిస్తోంది, పైన హిందీలో భారత్ అని ఉండే చోట తల గీత ముక్క కూడా ఉంది. వెనకవైపు వేలి గోరు మీద చదునుగా మెరుస్తోంది, లేత్ అన్న చెప్పినట్టే. పదిరూపాయలకు గీత వెంట ఒకచోట గోరు పట్టేంత సందు ఉంది. అది వారం క్రితమే చింతపండుతో తోమాను, అంతకుముందు ఇంకా మురికిగా ఉండేది, అందుకే ఇన్నాళ్లూ ఆ సందు కనపడలేదేమో.

కంకుల రూపాయి మాత్రం మీరన్న ప్రతిదానికీ సరిపోయింది. వెనక కూడా అదే అంచు దగ్గర ఖాళీ, వంపు ఒకే గీత, ఖాళీలో వరస గీతలు లేవు. మామూలు రూపాయి మీద పెడితే ఒకవైపు కొద్దిగా బయటికి వస్తోంది. సంవత్సరం పూర్తిగా కనిపిస్తోంది. ఫోన్ చేసినవాడిని బ్లాక్ చేశాను.

చిత్తూరు_పాతనాణెం

చాలా సంతోషం తమ్ముడూ. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది అసలుదే. అయినా చేత్తో పట్టుకుని చూసిన ఇంకొకరి మాట కూడా తీసుకో, ఒకసారి చిత్తూరు వస్తే నేనూ చూస్తాను. లక్షలు రావు, ఆ మాట మర్చిపో. అచ్చు ఎంత ఎక్కువ పక్కకు పోతే అంత విలువ, అందులో సంవత్సరం కనిపిస్తే ఇంకాస్త ఎక్కువ అడుగుతారు. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి అమెరికా కంపెనీలు పరీక్షించి ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి నంబరు ఇస్తాయి గానీ, ఒక్క రూపాయి నాణేనికి ఆ ఖర్చు నేనైతే పెట్టను. రేపు నువ్వే డబ్బీలో ఉన్నది కొనాల్సి వస్తే ఆ నంబరు వాళ్ల సైటులో కొట్టి, అక్కడి ఫోటోతో పోల్చి చూసి కొను, డబ్బీలకు కూడా నకిలీలు వస్తున్నాయి.

దాన్ని మాత్రం చింతపండుతో గానీ, ముగ్గుపిండితో గానీ దేనితోనూ తోమొద్దు. ఆ ఖాళీ చర్మమే దానికి సాక్ష్యం, అది మెరిసిపోతే ఎవరికీ నిరూపించలేవు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకో. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నాళ్లకు జిగురు వదిలి నాణేనికి పచ్చగా పడుతుంది. గట్టి అట్ట మధ్య పెట్టి తేమ తగలని చోట ఉంచు.

మిగతా రెండూ పారేయకు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అసలుది పక్కన పెట్టి చూపించడానికి అంతకంటే మంచివి దొరకవు.

గోవిందరాజ_వీధి_షాపు

అలాగే అన్నా. మూడూ అట్టల్లో పెట్టి, ఏది ఏమిటో, తూకమెంతో రాసి అదే డబ్బాలో పెట్టాను. డబ్బాలో ఇంకా రెండు వందల దాకా పైసలున్నాయి, ఆదివారం నుంచి ఒక్కొక్కటీ అద్దం కింద పెడతాను. ఏదైనా కనిపిస్తే ముందు అంచు ఫోటో తీసి ఇక్కడ పెడతాను.