రూట్ కెనాల్ అయ్యాక క్యాప్‌కు రాని రోగులు: డబ్బు కట్టడాన్ని ఎలా తేలిక చేయాలి?

అరండల్‌పేట దంత వైద్యురాలు, గుంటూరు

గుంటూరు అరండల్‌పేటలో ఆరేళ్లుగా చిన్న దంత వైద్యశాల నడుపుతున్నాను. ఒకే కుర్చీ, ఒక సహాయకురాలు, బయట కౌంటర్‌లో ఒక అమ్మాయి. చాలా రోజులుగా నన్ను బాధిస్తున్న విషయాన్ని ఇక్కడి పెద్దల ముందు, వైద్యం చేయించుకున్నవారి ముందు కూడా పెడుతున్నాను.

మా దగ్గర దవడ పన్నుకు రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి, ఆ కాలువలు నింపే వైద్యం) 4,000 రూపాయలు, ఆపైన తొడుగులా వేసే మెటల్ సెరామిక్ క్యాప్ 4,500 రూపాయలు. నొప్పితో నిద్ర లేక వచ్చినవారు మొదటి మొత్తాన్ని ఎలాగో సర్దుకుని కడతారు. నొప్పి పోయాక మళ్లీ అంత డబ్బు తేవాలంటే, పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, పొలం పెట్టుబడి అన్నీ దానికన్నా ముందే వరుసలో ఉంటాయి. "ఇప్పుడు బాగానే ఉంది కదా డాక్టరమ్మా, వచ్చే నెల చూద్దాం" అని వెళ్లిపోతారు. రూట్ కెనాల్ చేసిన పన్ను గోడలు పలుచబడి ఉంటాయి కాబట్టి, క్యాప్ లేకుండా గట్టి పదార్థం కొరికితే అది పగిలే ప్రమాదం ఎక్కువని నేను ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. కానీ నొప్పి లేని పన్ను గురించి చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు.

ఈ ఏడాది జనవరిలో ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు భార్య వచ్చారు. రూట్ కెనాల్ పూర్తయింది. మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వెయ్యగానే క్యాప్‌కు వస్తానని, నా చేయి పట్టుకుని మరీ చెప్పి వెళ్లారు. ధర నచ్చక కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టారట. ఆమె మళ్లీ వచ్చింది జూన్‌లో. పన్ను వేరు దాకా నిలువుగా చీలిపోయింది, తీసేయడం తప్ప దారి లేకపోయింది. ఆమె ముందే కట్టిన 4,000 రూపాయలూ, మూడు సిట్టింగుల నా శ్రమా, ఆ పన్నూ అన్నీ పోయాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లనే నాకు మరింత కష్టంగా అనిపించింది.

ఈమధ్య ఒక ఫైనాన్స్ సంస్థ ప్రతినిధి వచ్చి, రోగులకు వడ్డీ లేని వాయిదాలు ఇప్పిస్తామనీ, నాకు మొత్తం డబ్బు రెండు రోజుల్లో జమ అవుతుందనీ చెప్పారు. సొంతంగా వాయిదాలు ఇద్దామంటే, బాకీ అడగడం నాకు చేతకాదు. గత సంవత్సరం నేను అలా వాయిదాలు ఇచ్చిన రోగుల్లో కొందరు ఫోను ఎత్తడమే మానేశారు, బాకీ పెట్టిన మొహమాటంతో వైద్యానికి రావడమూ మానేశారు. ఏ పద్ధతి మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గవర్నర్‌పేట దంత వైద్యుడు, విజయవాడ

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే ఇరవై రెండేళ్ల క్రితం నేనూ సరిగ్గా ఇదే చోట నిలబడి ఉన్నాను. మీరు అడిగింది వాయిదాల గురించి. నా ఉద్దేశంలో తప్పు అంతకన్నా ముందే, ధర చెప్పే దగ్గర జరుగుతోంది. రూట్ కెనాల్‌కు ఒక ధర, క్యాప్‌కు ఒక ధర అని విడివిడిగా చెప్పినంత కాలం, మొదటిది వైద్యం, రెండవది అలంకారం అన్న భావన రోగి మనసులో పడిపోతుంది. దవడ పన్ను విషయంలో ఆ రెండూ ఒకే వైద్యంలోని రెండు భాగాలు. కాబట్టి "ఈ పన్నును కాపాడడానికి 8,500 రూపాయలు" అని ఒకే అంకె చెప్పండి.

తరువాత ఆ మొత్తాన్ని సిట్టింగులకు పంచండి. మా దగ్గర మొదటి రోజు నొప్పి తగ్గించే పని చేసినప్పుడు 2,500, రెండవ సిట్టింగులో 2,000, కాలువలు నింపే రోజు 2,000, క్యాప్‌కు కొలత తీసుకునే రోజు 2,000 తీసుకుంటాము. క్యాప్ అతికించే రోజు ఒక్క రూపాయి కూడా అడగము. ఈ వరుస వెనుక కారణం ఉంది. కొలత ల్యాబ్‌కు వెళ్లగానే ల్యాబ్ బిల్లు మన మీద పడుతుంది కనుక, ఆ రోజుకు డబ్బు చేతికి వచ్చి ఉండాలి. చివరి రోజు బాకీ ఏమీ లేకపోతే, తయారై ఉన్న క్యాప్ కోసం రోగి ఆలస్యం చేయకుండా వస్తారు. నొప్పి తగ్గేసరికే సగానికి పైగా కట్టి ఉంటారు కాబట్టి, మధ్యలో వదిలేయాలని ఎవరికీ అనిపించదు. ఈ పద్ధతి మొదలుపెట్టిన తరువాత మా దగ్గర క్యాప్ లేకుండా మిగిలిపోయిన పళ్ళు బాగా తగ్గాయి.

పోయిన పన్ను చోట పెట్టే ఇంప్లాంటు అయితే పని మరింత సులువు. దవడ ఎముకలో స్క్రూ పెట్టిన తరువాత అది ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా మూడు నాలుగు నెలలు ఆగుతాము కదా, ఆ వ్యవధే రోగికి దొరికే గడువు. శస్త్రచికిత్స నాటికి సగం, పైపన్ను కొలతనాటికి మిగతా సగం అని ముందే రాసి ఇస్తే, వారు ఆ నెలల్లో చీటీ పాడుకునో, కొంచెం కొంచెం దాచుకునో సిద్ధమవుతారు. క్లిప్పులు వేసే పిల్లల విషయంలో పని సుమారు 18 నుంచి 24 నెలలు సాగుతుంది, బిగించడానికి నెలనెలా వస్తారు. ఆ నెలవారీ రాకకే చిన్న మొత్తం ముడిపెట్టండి. దానికి నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కోతపడే యూపీఐ ఆటోపే వాడండి. ఒక్కసారి పిన్‌తో అనుమతి ఇస్తే, 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగదు. కోతకు 24 గంటల ముందు సందేశం వెళుతుంది. ఇష్టం లేకపోతే తల్లిదండ్రులు తమ ఫోనులోనే రద్దు చేసుకోవచ్చు. బాకీ అడగడం చేతకాదన్నారు కదా, ఆ అడిగే పని మీ నోటి నుంచి తప్పిపోతుంది.

గుంటూరులో ఉన్న మీకు ఇంకొక మాట. జీతగాడికి ఒకటో తారీకు ఎలాంటిదో, మిర్చి రైతుకు తక్‌పట్టీ (యార్డులో సరుకు అమ్మిన లెక్క చీటీ) చేతికొచ్చే రోజు అలాంటిది. "మీకు డబ్బు ఎప్పుడు వస్తుంది?" అని మొదటి రోజే గౌరవంగా అడగండి. ఆ రైతు కుటుంబానికి జనవరిలోనే కొలత తీసి, క్యాప్ పెట్టేసి, బాకీలో సగాన్ని పంట డబ్బుకు వదిలి ఉంటే, పోతే మీకు రెండు మూడు వేలు పోయేవి, పన్ను మాత్రం నిలిచేది. అందరికీ అలా ఇవ్వమని చెప్పను. ఎవరికి ఇవ్వాలో ఆరేళ్ల అనుభవంలో మీకు తెలిసే ఉంటుంది. బాకీ ఉన్నవారికి నొప్పి వస్తే మాత్రం, బాకీ మాట ఎత్తకుండా ముందు నొప్పి తగ్గించండి.

బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరైనవారు, గుంటూరు

మేడమ్, ఆ ప్రతినిధి చెప్పిన "వడ్డీ లేని వాయిదాలు" గురించి మాత్రమే రాస్తాను. సున్నా శాతం వడ్డీ అనేదే అసలు లేదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ రుసుములో దాచి కొనుగోలుదారు నుంచి వసూలు చేయడం తగదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా రాసింది. డబ్బు అప్పుగా ఇచ్చేవారికి ఎవరో ఒకరు వడ్డీ కట్టాల్సిందే. ఏడాదికి 15 శాతం లెక్కన 24,000 రూపాయలను ఆరు నెలల వాయిదాల్లో తీరిస్తే వడ్డీ సుమారు 1,060 రూపాయలు అవుతుంది. ఆ మొత్తాన్ని మీకు జమచేసే డబ్బులోంచి తగ్గించుకుంటారు. అప్పుడు మీరు దానిని భరించాలి, లేదా ధరలో కలిపి రోగి మీద వేయాలి. క్రెడిట్ కార్డు వాయిదాలైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా రోగి బిల్లులో కనబడుతుంది, అంటే మరో 190 రూపాయలు. "వడ్డీ లేదన్నారు, మరి ఇదేమిటి?" అని రోగి అడిగేది మిమ్మల్నే.

2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి వ్యక్తిగత రుణాలన్నింటికీ, సంతకానికి ముందే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలన్న నియమం ఉంది. అన్ని రుసుములూ కలిపిన వార్షిక రేటు, మొత్తం కట్టాల్సిన డబ్బు అందులో ఉంటాయి. డిజిటల్ రుణమైతే జరిమానా లేకుండా వెనక్కి తగ్గే గడువు ఎంతో కూడా ఉంటుంది. ఆ పత్రాన్ని రోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మీ కౌంటర్‌లో ఎవరైనా రుణం తీసుకుంటే, ఆ కాగితం చేతికొచ్చి, ఇంటికి తీసుకెళ్లి, ఎవరికైనా చూపించి, మరుసటి రోజు వచ్చి సంతకం పెట్టమని మీరే చెప్పండి. నొప్పితో ఉన్న మనిషి చేత ఫోనులో ఓటీపీ చెప్పించుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

తెనాలి నుంచి ఒక రోగి అన్నయ్య

పైన పెద్దాయన రాసినదానికి మా ఇంట్లో జరిగింది జోడిస్తున్నాను. మా చెల్లెలికి పళ్ళ వరుస సరిచేసే పారదర్శక అలైనర్లు వేయిస్తామని ఒక క్లినిక్‌లో మాట్లాడుకున్నాము. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులు అవి. అక్కడే ఫోనులో రుణం తీసుకున్నాము, మొత్తం డబ్బు మొదటి వారంలోనే క్లినిక్‌కు వెళ్లిపోయింది. ఐదు నెలల తరువాత క్లినిక్‌కు తాళం పడింది. అలైనర్లు సగమే ఇచ్చారు. వాయిదాలు మాత్రం నెలనెలా ఖాతాలోంచి పోతూనే ఉన్నాయి, ఎందుకంటే రుణ ఒప్పందం మాకూ ఆ ఫైనాన్స్ వారికీ మధ్య ఉన్నది. వైద్యం ఆగినా అప్పు ఆగదని మాకు అప్పుడే తెలిసింది. కట్టడం మానేద్దామంటే చెల్లెలి సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా తీరుస్తున్నారో లేదో చూపే అంకె) దెబ్బతింటుందని భయపడి చివరి వరకూ కట్టాము.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. జరిగిన పనికి మాత్రమే డబ్బు తీసుకునే వాయిదాలు వైద్యశాలే ఇస్తే మాలాంటివారికి అంతకన్నా మేలు లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. మా అమ్మకు కట్టుడు పళ్ళు పెట్టించడానికి వెళ్లినప్పుడు, పదిమంది కూర్చున్న హాల్లో కౌంటర్ దగ్గర అంకె గట్టిగా చదివారు. అమ్మ "ఇప్పుడొద్దులే నాయనా" అని లేచి వచ్చేసింది. ఆ డబ్బు నా జేబులో ఉంది, అయినా అమ్మ ఒప్పుకోలేదు. ధరను లోపలి గదిలో, కుర్చీలోంచి లేపి ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం మీద రాసి చూపించి ఉంటే అమ్మ ఆ రోజే కొలతలు ఇచ్చేది.

ఆడిటర్, బీసెంట్ రోడ్డు, విజయవాడ

కొన్ని చిన్న విషయాలు. రోగం కోసం చేసే దంత వైద్యానికి జీఎస్టీ లేదు. పళ్ళు తెల్లబరచడం వంటి కేవలం అందం కోసం చేసే పనులు ఆ మినహాయింపులోకి రావు. ఆసుపత్రులకు యూపీఐ ద్వారా ఒకసారి 5 లక్షల రూపాయల వరకు చెల్లించే వీలు ఉంది, అయితే మీ ఖాతా ఆసుపత్రి వర్గంలో నమోదై ఉండాలి. ఒక చికిత్సకు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకండి, విడతలుగానైనా సరే. 60 ఏళ్లు నిండిన తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా లేకపోతే, వారి వైద్యానికి నగదు కాకుండా చెల్లించిన ఖర్చును ఏడాదికి 50,000 రూపాయల వరకు పాత ఆదాయపు పన్ను విధానంలో తగ్గించి చూపవచ్చు. ఈ షరతులు సరిపోతే, తెనాలి వారు అమ్మగారికి కట్టుడు పళ్ళు పెట్టించినప్పుడు ఆ ఖర్చు అలా చూపుకోవచ్చు. కాబట్టి ప్రతి చెల్లింపుకూ రోగి పేరుతో రసీదు ఇవ్వండి.

అరండల్‌పేట దంత వైద్యురాలు, గుంటూరు

అందరికీ నమస్కారాలు. ఫైనాన్స్ ప్రతినిధికి ఈ ఉదయమే ఫోను చేసి వద్దని చెప్పాను. తెనాలి అన్నయ్య గారూ, మీ అమ్మగారి సంగతి చదివిన తరువాత మా కౌంటర్ అమ్మాయితో కూర్చుని మాట్లాడాను. ఇకనుంచి ధర నేనే, లోపలి గదిలో, తెలుగులో రాసిన కాగితం మీద చూపిస్తాను.

గవర్నర్‌పేట డాక్టర్ గారూ, మీ వరుసనే నా ధరలకు సరిపెట్టి కాగితం అచ్చు వేయిస్తున్నాను. దానిలో "మీకు డబ్బు వచ్చే సమయం" అని ఒక గడి కూడా పెట్టాను. క్యాప్ కూడా భరించలేనివారికి విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి పేరు అదే కాగితం అడుగున రాస్తున్నాను. అక్కడ ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చని కూడా చెప్పే పంపిస్తాను.

రూట్ కెనాల్ అయ్యి క్యాప్ లేకుండా ఉన్నవారి పేర్లు పాత రిజిస్టరులోంచి తీయిస్తే, గత ఏడాదిన్నరలో ముప్పై ఒక్కరు తేలారు. వారికి ఫోను చేసి, ల్యాబ్ ఖర్చు మాత్రం ఇప్పుడు కట్టి క్యాప్ పెట్టించుకోమని, మిగతాది ఫిబ్రవరి తరువాత ఇవ్వమని చెబుతున్నాము. నిన్న సాయంత్రానికి తొమ్మిది మంది వస్తామన్నారు. ప్రత్తిపాడు ఆవిడకు కూడా చేశాను. తీసేసిన చోట పన్ను పెట్టించుకునే విషయం పంట వచ్చాక ఆలోచిస్తానన్నారు. అవతలి వైపు దవడ పన్నులో చిన్న పుప్పి ఉన్నట్టు జూన్‌లోనే చూశాను కాబట్టి, దానిని ఈ వారమే నింపుతానని, డబ్బు ఎప్పుడిచ్చినా పరవాలేదని చెప్పాను. శుక్రవారం వస్తున్నారు.