పడని వాతావరణంలో మొక్క పెంచడం: సరదానా, మొండిపట్టా?

కుండీలమేడ:
మాది బాగా ఎండలు కాసే చోటు. ఐదేళ్ల క్రితం ముచ్చటపడి మేడ మీద పెద్ద కుండీలో ఆపిల్ మొక్క పెట్టాను. బతికే ఉంది, ఆకులు వేస్తుంది, పువ్వు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎరువు మార్చాను, మట్టి మార్చాను, నీడ వల కట్టాను. ఇక పీకేద్దామంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. వాతావరణానికి నప్పేవే పెంచుకోవాలంటారా, లేక ఈ తంటాలోనే సరదా ఉందంటారా?

మట్టిచేతులు:
పీకేయండి. లోపం మీ ఎరువులో లేదు. ఆపిల్ చలికాలమంతా నిద్రపోవాలి. సుమారు 7 డిగ్రీల లోపు చలి ఎన్ని గంటలు తగిలిందన్నది దానికి లెక్క. మామూలు రకాలకు 800 నుంచి 1000 గంటలు కావాలి. మీ మేడ మీద అందులో పదో వంతైనా దొరుకుతుందా? ఆ నిద్ర చాలకపోతే మొగ్గ సరిగా విచ్చుకోదు.

టమాటాదీ ఇలాంటి గొడవే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కి దిగకపోతే పుప్పొడి పాడై పూత రాలిపోతుంది. జనం పురుగు అనుకుని మందు కొడతారు. నడి వేసవిలో నేను దాని జోలికే పోను. బెండ, తోటకూర వేస్తాను. అవి ఎండను తిని పెరుగుతాయి.

కిటికీతోట:
మట్టిచేతులు గారూ, మీ లెక్కన నేను తోటే మానుకోవాలి. మా దగ్గర మంచు పడని నెలలు ఐదే. అయినా కుండీలో నిమ్మచెట్టును పన్నెండేళ్లుగా పెంచుతున్నాను. చలి రాగానే లోపలికి, ఎండ రాగానే బయటికి. లోపలికి తెచ్చిన ప్రతిసారీ అలిగినట్టు కొన్ని ఆకులు రాలుస్తుంది. హీటర్ గాలికి గది ఎండిపోయి ఎర్రనల్లి పడుతుంది, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవాలి. ఇంట్లో తేనెటీగలు ఉండవు కాబట్టి చిన్న బ్రష్‌తో పువ్వు పువ్వుకూ నేనే పుప్పొడి అంటిస్తాను. చాదస్తమే. కానీ కిటికీ అవతల మోకాలి లోతు మంచు, ఇవతల నిమ్మపూల వాసన! నప్పేవే పెంచుకుని ఉంటే ఈ సుఖం నాకు దక్కేదే కాదు.

రెండాకులు:
నిమ్మకు వెచ్చదనం కావాలంటే ఇంట్లోకి తెచ్చారు. ఆపిల్‌కు చలి కావాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?

కిటికీతోట:
ఫ్రిజ్‌లోకి :)
జోక్ కాదు, వేడి చోట్ల తులిప్ దుంపల్ని 12 నుంచి 16 వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటేవాళ్లు ఉన్నారు. పక్కన పండ్లు మాత్రం పెట్టకూడదు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి లోపలి మొగ్గ చచ్చిపోతుంది.

రెండాకులు:
దుంప ఫ్రిజ్‌లో పడుతుంది. ఐదేళ్ల చెట్టు పట్టదు కదండీ. నేననేది అదే. చలి నుంచి మొక్కను కాపాడటానికి గోడలు, గ్లాసు, దుప్పటి ఏదో ఒకటి ఉంది. ఎండకు నీడ వల ఒక్కటే దిక్కు. అది కూడా పగటి ఎండనే ఆపుతుంది, రాత్రి ఉక్కను ఆపలేదు. అందుకే చలి దేశపు అనుభవం వేడి చోట సలహాగా పనికిరాదు.

వానచినుకు:
ఎండా చలీ మీరే పంచుకున్నారు, మాలాంటి ముసురు ప్రాంతాల గోడు ఎవరికీ పట్టదు. ఏ ప్రాంతంలో ఏ మొక్క బతుకుతుందో అంకెలతో చూపే అమెరికా వాళ్ల జోన్ మ్యాప్ చూసి, మా చోటికి అంకె సరిపోయిందని లావెండర్ తెచ్చాను. మొదటి వానాకాలానికే వేరు కుళ్లి పోయింది. ఆ అంకె చెప్పేది చలికాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడుతుందన్నది మాత్రమే. ఎండ, తేమ అందులో లేవని తర్వాత తెలిసింది.

అసలు విషయానికొస్తే, ఇండోనేషియాలో తూర్పు జావాలోని బతు దగ్గర చలికాలమే లేకుండా ఆపిల్ పండిస్తున్నారు. కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. చెట్టు గాఢనిద్రలోకి జారకముందే మళ్లీ చిగురూ పూతా వస్తాయి. ఏడాదికి రెండు పంటలు కూడా తీస్తారు.

మట్టిచేతులు:
అది కొండ ప్రాంతం, రాత్రిళ్లు చల్లగా ఉంటుంది. మేడ మీది కుండీకి, దానికి పోలికేంటండీ? పోనీ రకం ఏది? ఇజ్రాయెల్‌లో పుట్టించిన 'అన్నా' లాంటిదైతే 300 గంటల లోపు చలితోనే సరిపెట్టుకుంటుంది. అయినా కాపు బాగా నిలవాలంటే పక్కన అదే సమయంలో పూసే ఇంకో రకం ఉండాలి.

కుండీలమేడ:
లేబుల్ మీద 'ఆపిల్' అనే ఉంది, రకం పేరు లేదు. అమ్మినతనికే తెలియదట.

ఆకులు ఒకసారి దూసి చూస్తాను. చెట్టు పుష్టిగానే ఉంది, తట్టుకుంటుంది. ఈసారీ ఆకులే వస్తే ఆ కుండీలోకి మల్లె. ఇంట్లోవాళ్లు కూడా దీనికి సరేనన్నారు.

మట్టిచేతులు:
మల్లె కొమ్మ ఒకటి ఇప్పుడే అంటు తొక్కి ఉంచుకోండి.