సమస్యాపూరణం: కనులు మూసి సినిమ కాంచవలయు

నిర్వాహకులు, విజయనగరం:
ఈ వారం సమస్య ఇది. ఈ పాదం చివర వచ్చేలా మిగిలిన మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. పాల్గొన్నవారిని వారి ఊరి పేరుతోనే పిలుస్తున్నాం.

*కనులు మూసి సినిమ కాంచవలయు*

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. కనులు / మూసి / సినిమ / కాంచ / వలయు, అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు మీద లఘువు; లఘువు పొట్టిగా, గురువు పొడుగ్గా పలికే అక్షరం). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, క–కాం. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు (సూర్యగణాల కన్నా పెద్దవి: నల, నగ, సల, భ, ర, త) రావాలి. రెండో పాదం నాలుగో దానిలాగే నడుస్తుంది.

"సినిమా" అని దీర్ఘం ఉంచితే రెండు లఘువులు, గురువు వచ్చి సగణమవుతుంది. సగణం ఇటు సూర్యగణమూ కాదు, అటు ఇంద్రగణమూ కాదు. హ్రస్వం చేసింది అందుకే. దీర్ఘం కావాలనుకొనేవారు "సినిమాను" అని సలగణం (సగణం మీద లఘువు) చేసి ఒకటో పాదంలోనో మూడో పాదంలోనో నాలుగు, అయిదు స్థానాల్లో వాడుకోవచ్చు.

"థియేటరు"తో జాగ్రత్త. లఘువు మీద గురువుతో మొదలయ్యే మాట ఏ గణానికీ ఆరంభం కాలేదు. ముందు రెండు లఘువులు చేర్చండి. "మన థియేటరందు" అంటే మనథి / యేట / రందు అని మూడు సూర్యగణాలు చక్కగా వస్తాయి.

విషయ నియమం ఒకటే. ఈ మధ్య చూసిన సినిమా మీద ఒక అభిప్రాయం ఉండాలి. బాగుంది, బాగులేదు అంటే చాలదు, ఎందుకో పద్యంలోనే తెలియాలి.

రాజాం:
తెరను దయ్యమున్న దిగులేమి కలుగదు
తలుపు కిర్రుమన్న తనువు వణకు
శబ్దశిల్పి పనిని చక్కగా నెఱుగంగ
కనులు మూసి సినిమ కాంచవలయు

నిర్వాహకులు:
రాజాం మాస్టారూ, కోరిన అభిప్రాయం ఇలాంటిదే. ఇప్పటి దయ్యాల సినిమాల్లో లోపం ముఖాల మేకప్‌లో లేదు. ఉన్నట్టుండి పెద్ద మోత మోగిస్తారు గాని, దానికి ముందు ఉండవలసిన నిశ్శబ్దం ఇవ్వరు. నేపథ్య సంగీతం ఆగకుండా వాయిస్తుంటే తలుపు కిర్రుమన్నా వినబడేది ఎవరికి? మాటలు తెర వెనక మధ్య స్పీకరు నుంచి, కిర్రు మాత్రం పక్క గోడ నుంచో వెనక నుంచో రావాలి. ఆ తేడా తెలియాలంటే తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరాన, వరస మధ్యలో కూర్చోండి. గోడ పక్క సీట్లో ఒకవైపు స్పీకరే చెవిని నింపేస్తుంది.

వ్యాకరణం సంగతి. "ఎఱుగంగన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. తరువాతి కకారం గకారం కావాలి. "ఎఱుగంగఁ / గనులు మూసి" అని ఉండాలి.

ఆమదాలవలస:
పాదం మారింది కదండీ, అక్కడ విరామం ఉందిగా. ఇచ్చిన సమస్యలో అక్షరం మార్చడం ఎంతవరకు సబబు? చాలామంది ఇప్పుడు పట్టించుకోవడం లేదు.

నిర్వాహకులు:
అక్కడ వాక్యం ఆగి ఉంటే మీ మాట నిలుస్తుంది. ఇక్కడ ఆగలేదు. "ఎఱుగంగ" అన్నది "కాంచవలయు" కోసం చూస్తోంది, అన్వయం మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి పారుతోంది. సరళాదేశం (క, చ వంటివి గ, జలుగా మారడం) చేసినా సమస్య చెడదు. క, గ ఒకే వర్గం కాబట్టి గ–కాం యతి చెల్లుతుంది. అక్షరం కదపడం ఇష్టం లేకపోతే మూడో పాదాన్ని కళతో, అంటే చివర ఆ నకారం లేని మాటతో ముగించండి. ఒగ్గి, పట్టి, కూర్చుండి వంటి క్త్వార్థాల తరువాత కకారం కకారంగానే ఉంటుంది. పూరణ మొదలుపెట్టే ముందే ఈ చివరి మాట ఎంచుకొంటే సగం పని అయినట్టే.

టెక్కలి:
తండేలు కథలోన సంద్రంపు జాలర్లు
మాటలాడు తీరు మన యాసేను
యాస నిజమొ కాదొ యరయంగఁ జెవియొగ్గి
కనులు మూసి సినిమ కాంచవలయు

నిర్వాహకులు:
మూడో పాదం ఎంతో బాగుంది తమ్ముడూ. "అరయంగఁ జెవి" అని సరళాదేశం సరిగా చేశావు, "ఒగ్గి"తో ముగించావు. మొదటి రెండు పాదాలే కుదరలేదు. "తండేలు" రెండు గురువులు, లఘువు, అంటే తగణం. అది ఇంద్రగణం కాబట్టి పాదం మొదట్లో కూర్చోదు, నాలుగు లేదా అయిదో స్థానానికి పంపాలి. రెండో పాదంలో నాలుగో గణం "మనయా" సగణం, "సినిమా"కు వచ్చిన చిక్కే. భావంలోనూ ఒక అడ్డు ఉంది. రెండో పాదంలో మన యాసే అని తేల్చేసి, మూడో పాదంలో నిజమో కాదో చూడాలంటే ఎలా? రెండోది ప్రశ్న కావాలి.

టెక్కలి:
సంద్రమందు చిక్కు జాలర్ల తండేలు
పలుకు పలుకులోన పల్లె కలదె?
యాస నిజమొ కాదొ యరయంగఁ జెవియొగ్గి
కనులు మూసి సినిమ కాంచవలయు

రాజాం:
ఇప్పుడు నిలబడింది! సం–జా యతి కూడా చెల్లుతుంది. శ, ష, స లకు చవర్గంతో మైత్రి ఉంది.

2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈ "తండేల్" సినిమాకు మూలం శ్రీకాకుళం జిల్లా కథే. గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్లిన మనవాళ్లు 2018 నవంబరులో పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలో విడుదలయ్యారు. అంచేత యాస మీద పట్టుదల సబబే. ఏ సినిమాలోనైనా దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. వాక్యం చివర "ఏటి" తగిలించడం ఎవరైనా చేస్తారు. అదే నటుడు "నాను" అన్న నోటితో పది మాటల తరువాత "నేను" అంటున్నాడేమో వినండి. "సేప" అన్నవాడు "చెప్పు" అనకూడదు, "సెప్పు" అనాలి. కోపం వచ్చే సన్నివేశంలోనూ, ఏడ్చే సన్నివేశంలోనూ యాస ముందుగా జారిపోతుంది. నటుడి ధ్యాస అప్పుడు భావం మీదికి పోతుంది గనక. ముఖం చూస్తుంటే అది దొరకదు, కళ్లు మూస్తే వెంటనే దొరుకుతుంది.

చీపురుపల్లి:
కత్తి దెబ్బ కొక్క కడివెడు రక్తమ్ము
కథకు మాత్ర మచట కరవు వచ్చె
బాలలున్న వారి పడరాని పాట్లివి
కనులు మూసి సినిమ కాంచవలయు

నిర్వాహకులు:
నిర్దోషంగా ఉందమ్మా. "కనులు" ఎవరివో చెప్పకపోవడమే ఇందులో చమత్కారం. తల్లిదండ్రులు తమ కళ్లు మూసుకొన్నారనీ, అరచేత్తో పిల్లల కళ్లు మూసి తాము చూస్తున్నారనీ రెండర్థాలూ పొసిగాయి.

ఆమదాలవలస:
పిల్లలతో వెళ్లేవారు పోస్టరు మీద సర్టిఫికెట్ చూసుకోవాలి. 2024 నుంచి యుఏను (పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ తరగతిని) 7+, 13+, 16+ అని మూడు చేశారు. ఇది పెద్దలకు సూచనే, గేటు దగ్గర ఆపరు. ఆపేది "ఎ" (పెద్దలకు మాత్రమే) ఉన్న సినిమాకే. 16+ చూసి కూడా అయిదేళ్ల పిల్లవాడిని తీసుకెళ్తే ఈ పాట్లు తప్పవు.

బొబ్బిలి:
విజయనగర మొసఁగె వీనుల విందుగా
మన సుశీల గళము మధువు లొలుక
నటుల మోము మరచి నాదమ్ము నాలింపఁ
గనులు మూసి సినిమ కాంచవలయు

నిర్వాహకులు:
"ఆలింపఁ / గనులు", పైన చెప్పుకొన్నది ఇదే. "సుశీల" కూడా లఘువు మీద గురువుతో మొదలయ్యే పేరు. "మన" చేర్చి మనసు / శీల అని విరవడం మంచి ఉపాయం. 1935లో విజయనగరంలో పుట్టిన గాయని పి. సుశీల గారిని తలచుకోవడం ఊరివారందరికీ ఇష్టమే. అయితే ఇది గొంతు మీద పద్యమే గాని, చూసిన సినిమా మీద అభిప్రాయం కాదు. కొత్త ప్రింటుతో మళ్లీ విడుదలైన పాత సినిమా మనసులో ఉంటే ఆ మాట పద్యంలోకి రావాలి. ఒకే స్పీకరుకు సరిపోయేలా చేసిన పాత మోనో పాటను చుట్టూ స్పీకర్లలోకి విడదీసేటప్పుడు గొంతు పలచబడిందా, వీణ ముందుకు వచ్చి మాటను మింగేసిందా, ఇలా ఒక్క సంగతి చెప్పినా చాలు.

నరసన్నపేట:
తెరను జూడ మనకు దేవుఁడొసఁగె నేవి?
నిండు సభను నోటి నెట్టు లుంచు?
సెలవునాఁడు మనము చేయంగ వలె నేమి?
కనులు – మూసి – సినిమ కాంచవలయు

రాజాం:
క్రమాలంకారం! మూడు ప్రశ్నలకు మూడు జవాబులు వరసలో పడ్డాయి. రెండో ప్రశ్న అందరికన్నా ముందు ఫోన్లో మాట్లాడేవాళ్లు చదవాలి.

నిర్వాహకులు:
కూర్పు చాలా నేర్పుగా ఉంది. కాని విషయ నియమం తప్పింది, ఏ సినిమా గురించీ ఏమీ చెప్పలేదు. సమస్య కఠినమైనప్పుడు ఈ దారి అందరినీ పిలుస్తుంది. దీనిలో భావం మూడు ముక్కలవుతుంది కాబట్టి అభిప్రాయానికి చోటుండదు.

నెల్లిమర్ల:
చూపు లేనివారు చూచెద రెవ్విధి
చెవిని వివరణమ్ము చెప్పుచుండ
వారి తోవఁ దెలియ వర్ణనమ్ములఁ బట్టి
కనులు మూసి సినిమ కాంచవలయు

నిర్వాహకులు:
ఈ వారం నా మనసుకు పట్టిన పూరణ ఇది. కళ్లు మూయడం మిగిలినవాటిలో ఫిర్యాదో పరీక్షో అయింది, ఇక్కడ మరొకరి అనుభవాన్ని తెలుసుకొనే మార్గమైంది. "పట్టి" కళ, కకారం చెక్కుచెదరలేదు. "వర్ణన / మ్ములఁ" అని విరవకండి, వర్ణనమ్ / ములఁబట్టి అని రగణం, సలం వస్తాయి.

నెల్లిమర్ల:
ధన్యవాదాలండి. అంధుల కోసం ఇచ్చే ఈ వివరణ మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీలోనే పట్టాలి. "తలుపు తీసింది, ఉత్తరం చూసింది" అనడానికి రెండు మూడు క్షణాలైనా కావాలి. ఖాళీ లేకుండా సంగీతం నింపిన సినిమాకు ఎంత మంచి వివరణకర్త దొరికినా ఇరికించలేడు. థియేటర్లలో ఈ సదుపాయాల మీద కేంద్రం 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన జిల్లాల హాళ్లలోనూ టికెట్ దగ్గర అడగడం అలవాటు చేయాలి.

నిర్వాహకులు:
వచ్చే వారానికి తేటగీతి. *విలను గెలిచిన జనులెల్ల వేడ్కఁ బడిరి.* సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు; యతి వి–వే. క్రమాలంకారం ఈసారి వద్దు.