చోక్ వేస్తేనే నడుస్తున్న నాన్నగారి స్ప్లెండర్: కార్బ్యురేటర్ ఇంట్లోనే విప్పొచ్చా?

స్ప్లెండర్2003, నరసరావుపేట:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి బండి 2003 హీరో హోండా స్ప్లెండర్. ఆయన ఈపూరు వైపు బడుల్లో టీచరుగా పనిచేసినన్నాళ్లూ దీని మీదే తిరిగారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక బండి వసారాలో తొమ్మిది నెలలు కదలకుండా ఉండిపోయింది. ఇప్పుడు ఆయన బాగానే నడుస్తున్నారు. సాయంత్రాలు ఈ బండి మీదే ఊళ్లో ఒక చుట్టు తిరిగి రావాలని ఆయన కోరిక.

చోక్ వేస్తే రెండు మూడు కిక్కులకు స్టార్ట్ అవుతుంది. చోక్ తీసిన వెంటనే ఆగిపోతుంది. ఎక్సలేటర్ సగం తిప్పి పట్టుకుంటే పికప్ బాగుంటుంది, నలభైలో హాయిగా పోతుంది. సెంటర్లో ట్రాఫిక్ ఆగిందని ఎక్సలేటర్ వదిలితే చాలు, ఆగిపోతుంది. ఒక షాపులో ఇస్తే కార్బ్యురేటర్ క్లీన్ చేశామని 350 తీసుకున్నారు. రెండు రోజులు బాగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి తీసుకెళ్తే కార్బ్యురేటరే పోయింది, కొత్తది వేయాలన్నారు.

ప్లగ్ కొత్తది వేశాను. పాత పెట్రోలు తీసేసి కొత్తది రెండు లీటర్లు పోశాను. పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి కానీ కార్బ్యురేటర్ ఎప్పుడూ విప్పలేదు. నాన్నగారు రోడ్డు మధ్యలో ఆగిపోతే మళ్లీ కిక్ కొట్టలేరు, నా టెన్షన్ అంతా అదే. నేనే విప్పొచ్చా? విప్పితే ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

ఆర్ఎక్స్100, హనుమకొండ:

తప్పకుండా విప్పొచ్చు తమ్ముడూ. కొత్త కార్బ్యురేటర్ కొనకు. నువ్వు చెప్పిన లక్షణాల్లోనే జవాబుంది.

చోక్ వేయడమంటే లోపలికి వెళ్లే గాలిని తగ్గించడం. గాలి తగ్గిస్తేనే నడుస్తోందంటే అక్కడ పెట్రోలు చాలట్లేదని అర్థం. మరి సగం ఎక్సలేటర్ మీద బాగా పోతోంది కదా? కార్బ్యురేటర్లో పెట్రోలుకు ఒకే దారి ఉండదు. ఐడ్లింగ్‌లోనూ (ఎక్సలేటర్ వదిలేసి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు), ఎక్సలేటర్ కొంచెం తిప్పినప్పుడూ పైలట్ జెట్ అనే సన్న రంధ్రపు ముక్క పెట్రోలు ఇస్తుంది. మధ్యలో స్లైడ్‌కు, అంటే ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచే ముక్కకు, వేలాడే సూది చూసుకుంటుంది. పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్. నీ బండికి సూదీ మెయిన్ జెట్టూ బాగున్నాయి, పైలట్ జెట్ మూసుకుపోయింది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నిలవున్న పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే పసుపు జిగురు మొట్టమొదట మూసేది దాన్నే. పైగా ఇప్పుడు వస్తున్న పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) ఆపేసి, కార్బ్యురేటర్ కింది డ్రైన్ స్క్రూ వదులు చేసి అందులోది ఖాళీ చేయాలి. నా ఆర్ఎక్స్‌కు వానాకాలం మొదట్లో ప్రతి ఏడాదీ ఇలాగే చేస్తాను.

రెండు రోజులకే మళ్లీ ఎందుకు మొదటికొచ్చింది? నాకైతే ట్యాంకు మీద అనుమానం. తొమ్మిది నెలలు సగం ఖాళీగా ఉన్న పాత ట్యాంకులో తుప్పు ఉండే ఉంటుంది. కార్బ్యురేటర్ ఒక్కటే కడిగి, తుప్పు పొడి వచ్చే ట్యాంకుకు తిరిగి తగిలిస్తే జెట్ మళ్లీ మూసుకుపోక ఏం చేస్తుంది? అందుకే ముందు ట్యాంకు. కాక్ పైపు ఊడదీసి ఒక తెల్లని ప్లాస్టిక్ గిన్నెలోకి పావు లీటరు వదులు. అడుగున ఎర్రటి పొడి గానీ, విడిగా దొర్లే నీటి బొట్లు గానీ కనిపిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే. కాక్ లోపలి జాలీ కూడా చూడు.

ఇక కార్బ్యురేటర్. ఆరుబయట చెయ్యి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. దగ్గర్లో దీపం, పొయ్యి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. కార్బ్ క్లీనర్ స్ప్రే వాడితే కళ్లద్దాలు పెట్టుకో. చిన్న రంధ్రంలోకి కొడితే ఇంకో రంధ్రం లోంచి నేరుగా మొహం మీదికి చిమ్ముతుంది.

పై మూత తిప్పితే స్లైడ్, సూది కేబులుతో పాటు బయటికొస్తాయి. వాటిని కేబుల్ నుంచి విడదీయకు, గుడ్డలో చుట్టి పక్కకు వేలాడదీయి. తర్వాత ఫిల్టర్ వైపు క్లాంపు, ఇంజిన్ వైపు రెండు నట్లు. విప్పే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకో, ఏ పైపు ఎటు పోతుందో తర్వాత వెతుక్కోవక్కర్లేదు.

కింద పెట్రోలు నిలిచే ఫ్లోట్ కప్పుకు ఉన్న స్క్రూలు మెత్తటివి. సరిగ్గా కూర్చోని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది, ఆపైన రంపంతో గాడి కోయాల్సిన పరిస్థితి. గట్టిగా ఒత్తి పట్టుకుని నెమ్మదిగా తిప్పు. కప్పు ఊడాక ఫ్లోట్ పిన్ను తీసి, ఫ్లోటునూ దాని సూదినీ జాగ్రత్త చేసుకో. ఆ సూది మొన చుట్టూ గీత పడి ఉంటే మార్చాలి, లేకపోతే పెట్రోలు పొంగి కారుతుంది.

మధ్యలో ఉన్నది మెయిన్ జెట్, దాని పక్కన లోతుగా ఉండేది పైలట్ జెట్. రెండూ ఇత్తడివే. జెట్ తల గాడికి సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవరే వాడు. కొన్ని కార్బ్యురేటర్లలో పైలట్ జెట్ ఊడదు, బిగించేసి ఉంటుంది. అలాంటిదైతే లాగొద్దు, ఉన్నచోటే స్ప్రే కొట్టి గాలి పట్టు. ఊడితే ఎండకెదురుగా పెట్టి చూడు. గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. దాన్ని ఇనుప తీగతో, గుండుసూదితో పొడవొద్దని మరీ మరీ చెబుతున్నాను. ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. రాత్రంతా క్లీనర్లో నానబెట్టి, పొద్దున పంక్చర్ షాపులో గాలి కొట్టించు. అప్పటికీ రాకపోతే కరెంటు వైరులోంచి తీసిన ఒక్క సన్నని రాగి పోగుతో మెల్లగా ప్రయత్నించు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలేవీ క్లీనర్లో పడకూడదు, ఉబ్బిపోతాయి.

పక్కనుండే మిక్సర్ స్క్రూ (పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసేది) విప్పే ముందు ఒక పని మర్చిపోకు. దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. ఆగిన చోట బిగించకు, మొన వంగిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు అన్నే చుట్లు బయటికి తిప్పు.

మళ్లీ బిగించేటప్పుడు స్లైడ్‌లో కోసినట్టున్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపే ఉండాలి. తిరగేసి పెడితే కిక్ కొట్టగానే ఇంజిన్ రయ్యిమంటుంది. ఎక్సలేటర్ వదిలితే స్లైడ్ టక్కుమని కింద పడుతోందో లేదో స్టార్ట్ చేయకముందే నాలుగుసార్లు చూసుకో. నాన్నగారు ఎక్కే బండి, ఈ ఒక్కటీ మాత్రం మరిచిపోవద్దు.

స్ప్లెండర్2003, నరసరావుపేట:

అన్నా, శని ఆదివారాలు రెండూ దీని మీదే కూర్చున్నాను. తెల్ల గిన్నెలో ఎర్ర పొడి కుంకుమలా దిగింది. ట్యాంకు దించి, కాసిని చిన్న నట్లు లోపల వేసి, కొంచెం పెట్రోలుతో చాలాసేపు ఊపాను. నాలుగుసార్లు పారబోశాక శుభ్రంగా వచ్చింది. నట్లన్నీ లెక్కపెట్టి బయటికి తీశాను. కాక్ కొత్తది వేశాను, పైపు మధ్యలో చిన్న ఫిల్టరు కూడా పెట్టాను.

పైలట్ జెట్‌ను ఎండకు పెడితే చీకటే. ఫ్లోట్ కప్పు అడుగున తేనె రంగు పొర గట్టిపడి ఉంది. షాపులో అసలు కప్పు విప్పారో లేదో నాకు తెలియదు కానీ, ఆ పొర రెండు వారాల్లో పేరుకున్నదిలా లేదు. రాత్రి నానబెట్టి పొద్దున గాలి కొట్టిస్తే వెలుగు చుక్క కనిపించింది. మిక్సర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు దగ్గర ఉంది, అలాగే పెట్టాను. చోక్ లేకుండా రెండో కిక్కుకే స్టార్ట్ అయింది! నాన్నగారు లోపల్నుంచి శబ్దం విని బయటికొచ్చారు.

ఇంకో చిక్కు మిగిలింది. బండి వేడెక్కాక ఎక్సలేటర్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగట్లేదు. అయిదారు సెకన్లు అరిచి అప్పుడు మెల్లగా దిగుతోంది. ఐడ్లింగ్ కూడా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. స్లైడ్ బాగానే పడుతోంది, కేబులుకు తగినంత ఆట ఉంది. మిక్సర్ స్క్రూ ఎటు తిప్పాలి?

పాతమెకానిక్, రాజమండ్రి:

బాబూ, స్క్రూ ముట్టుకోకు. ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను, ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నువ్వు చెప్పినట్టు ఇంజిన్ ఆలస్యంగా దిగిందంటే నేను ముందు చూసేది దొంగగాలి. కార్బ్యురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య అతుకు దగ్గర ఎక్కడో గాలి దూరుతోంది. గాలి అలా దూరుతుంటే మిక్సర్ స్క్రూ ఎన్నిసార్లు తిప్పినా ట్యూనింగ్ నిలబడదు. ఈ రోజు కుదిరినట్టుంటుంది, రేపు చెడుతుంది.

చాలామంది అక్కడ పెట్రోలు గానీ స్ప్రే గానీ కొట్టి చూస్తారు. వేడి ఇంజిన్ మీద అలా వద్దు, నిప్పంటుకుంటుంది. బండి ఐడ్లింగ్‌లో ఉంచి అతుకు చుట్టూ ఇంజిన్ ఆయిల్ ఒక్కో చుక్క వెయ్యి. ఏ చుక్కకు శబ్దం మారితే అక్కడే లీకు. విప్పి చూస్తే అంచులోని ఓ-రింగు (గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) చదునుగా అయిపోయి ఉంటుంది, పెద్ద ఖరీదు ఉండదు, మార్చెయ్యి. ఆ రెండు నట్లూ ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోది బిగించకు, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ బిగించు. బలం చూపిస్తే అంచు వంగుతుంది. ఇప్పటికే వంగిందేమో అద్దం ముక్క మీద ఆనించి చూడు. ఆడుతుంటే అదే అద్దం మీద సన్న ఎమరీ పేపరు పరిచి గుండ్రంగా రుద్దు, పొడి పూర్తిగా తుడుచుకో.

ఇంకో సంగతి. బండి వసారాలో ఉందన్నావు. కార్బ్యురేటర్ నుంచి కిందికి వేలాడే సన్న పైపుల్లో కుమ్మరి పురుగు మట్టి పెట్టిందేమో చూడు. ట్యాంకు మూతలో గాలి రంధ్రం కూడా చూడు. అది మూసుకుపోతే రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఆగిపోయి, మూత తెరవగానే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇలాంటి బండ్లకు కార్బ్యురేటర్లు మార్పించుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లను చూసి బాధపడ్డాను.

లీకు పోయాక, ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల దగ్గరి సందు) చల్లటి ఇంజిన్ మీద సరిచూసి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, అప్పుడు ట్యూనింగ్. పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కనివ్వు. ఐడ్లింగ్ స్క్రూతో కొంచెం ఎక్కువ పెట్టు. మిక్సర్ స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి విను. ఎక్కడ ఇంజిన్ అన్నిటికంటే వేగంగా, సాఫీగా తిరుగుతుందో అక్కడ ఆపు. తర్వాత ఐడ్లింగ్ తగ్గించుకో, నిమిషానికి 1400 చుట్ల దగ్గర ఉంటే బాగుంటుంది. నీ బండికి ఆ మీటరు లేదు కాబట్టి చెవితోనే. హెడ్‌లైటు వేసినా ఆగకూడదు. స్క్రూ స్లైడ్‌కూ ఫిల్టర్‌కూ మధ్య ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పాళ్లు తగ్గుతాయి. స్లైడ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉంటే పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే పెరుగుతాయి. ఇది తెలియక తలకిందులుగా తిప్పేవాళ్లు చాలామంది.

పల్సర్180, కర్నూలు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా తమ్ముడిది 2021 స్ప్లెండర్, అదీ చోక్ సమస్యే అంటున్నాడు. ఇదే పద్ధతా?

ఆర్ఎక్స్100, హనుమకొండ:

కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) వచ్చింది, ఆ స్ప్లెండర్లకు కార్బ్యురేటరే లేదు, పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా చిమ్మే ఇంజెక్షన్. మీటరు మీద ఇంజిన్ లైటు వెలుగుతోందేమో చూసి స్కానర్ ఉన్న షాపులో చూపించండి. వివరంగా వేరే పోస్టు పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

స్ప్లెండర్2003, నరసరావుపేట:

మాస్టారూ, మీరు చెప్పిందే. కింది వైపు చుక్క వేయగానే శబ్దం మారిపోయింది. ఓ-రింగు ఒక పక్క బద్దలా అయిపోయి ఉంది, అంచు కూడా ఒక వెంట్రుక వాసి ఆడింది. అద్దం మీద రుద్ది, కొత్త రింగు వేశాను. మిక్సర్ స్క్రూ చివరికి రెండు చుట్లకు కొంచెం తక్కువలో కుదిరింది. ఇప్పుడు ఎక్సలేటర్ వదిలిన వెంటనే దిగుతోంది. కుమ్మరి పురుగు గూడు నిజంగానే ఉంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింది పైపులో!

నిన్న సాయంత్రం నాన్నగారు కోటప్పకొండ రోడ్డు దాకా వెళ్లొచ్చారు. వెనక నేను నా బండి మీద వెళ్లాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికొచ్చాక ప్లగ్ విప్పి చూస్తే కొంచెం తెల్లగా అనిపించింది. మిక్సర్ ఇంకొంచెం మార్చాలా?

పాతమెకానిక్, రాజమండ్రి:

ఒక్క రోజు తిరిగిన కొత్త ప్లగ్ రంగు చూసి ఏదీ మార్చకు బాబూ. ఒక వంద కిలోమీటర్లు పోనీ. అప్పుడు బండి వేడిగా ఉండగా ఆపి, చల్లారాక ప్లగ్ విప్పి ఫొటో పెట్టు. ఇటుక రంగులో ఉంటే అలాగే వదిలెయ్యి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.