నవల రాసే గదిలో మూడు పిల్లులు: చిత్తుప్రతిని కాపాడుకునేదెట్ల?

నీలిసిరా (ప్రశ్న):
నర్సంపేట దగ్గర పల్లె, పాత పెంకుటిల్లు. ముందటి అర్రలో రాత బల్ల. ఇంట్లో ఒక పెద్ద ఆడపిల్లి, దాని ఏడు నెలల మగపిల్లలు రెండు. నవల మొదటి ప్రతి సిరాకలంతో లాంగ్ నోట్‌బుక్కుల్లో, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో టైపు. తెల్లారి నాలుగున్నరకు రాయడానికి కూర్చుంటే సరిగ్గా అప్పుడే మూడూ బల్లెక్కుతున్నాయి. సిరాబుడ్డి దొర్లిస్తాయి, గోడకు గుచ్చిన అధ్యాయాల చీటీలు పీకుతాయి, కీబోర్డు మీద పడుకుంటాయి. తలుపేస్తే గీకుడు, అరుపు. నెల నుంచి ఒక మగది కాగితాల కట్ట మీద ఉచ్చ చిమ్ముతోంది. పిల్లుల్ని పంపించేయమని మాత్రం చెప్పకండి, అవి లేకపోతే ఎలుకలు పుస్తకాలను మిగల్చవు.

గూనపెంకు:
అక్కా, ముందు వేళ సంగతి. పిల్లికి వేట బుద్ధి పుట్టేది మసక వెలుతురులో, అంటే తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు. మీరు కలం పట్టే వేళా అదే. దాని క్రమం ఎప్పుడూ ఒకటే: వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర. ఆ క్రమాన్ని మీరే నడిపించాలి. కందికట్టె చివర గుడ్డపేలిక కట్టి, లేవగానే పది పదిహేను నిమిషాలు నేల మీద పాకిస్తూ ఆడించండి. చివర్లో రెండు మూడుసార్లు దొరకనివ్వాలి, లేకపోతే కసి తీరక మీ చేతి మీదికే దూకుతుంది. వెంటనే తిండి పెట్టండి. అరగంటలో ముడుచుకుంటాయి, మీకు రెండు గంటలు చిక్కుతాయి. రాత్రి పడుకునే ముందు కూడా ఇదే వరస.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: అరవగానే గిన్నె పెడతారు. అరిస్తే అన్నం వస్తుందని తెలిశాక నాలుగున్నరకు కాదు, మూడున్నరకే లేపుతుంది. తలుపూ అంతే. పది నిమిషాలు అరిచాక తీశారంటే పది నిమిషాలు అరవాలని నేర్పినట్టే. ఆపదలచుకుంటే మొదటి వారం అరుపు పెరుగుతుంది, ఓర్చుకోవాలి. అంత ఓపిక లేకపోతే తలుపుకు స్టీలు జాలీ చట్రం బిగించండి. మనిషి కనబడితే గీకుడు చాలావరకు తగ్గుతుంది. నైలాన్ దోమజాలీ మాత్రం వద్దు, రెండ్రోజుల్లో చీల్చేస్తాయి.

బల్ల మీద దానికి కావలసింది ఎత్తు, వెచ్చదనం. బల్ల పక్కనే, బల్లకంటే ఒక జానెడు ఎత్తులో అరగానీ స్టూలుగానీ పెట్టి, దాని మీద జిరాక్స్ కాగితాల అట్టపెట్టె, అందులో పాత గొంగడి ముక్క. ల్యాప్‌టాప్ వేడిగాలి వచ్చే వైపున పెడితే పిలవకుండానే ఎక్కుతుంది. పెట్టె మీ ఎదురుగా కాకుండా పక్కకు ఉండాలి. ఎదురుగా ఉంటే కదిలే కలం ముల్లును చూసి ఊరుకోదు.

సిరాబుడ్డిని అసలు బల్ల మీదికే తేకండి. రాత్రే కలం నింపి బుడ్డిని సొరుగులో పెట్టేయండి. డ్రాపర్‌తో నింపే లావు కలమైతే ఒక నింపు ఉదయం రాతకు సరిపోయి మిగులుతుంది. మామూలు నీలిసిరా తడికి కరుగుతుంది, పిల్లి నీళ్లగ్లాసు తన్నితే పేజీ పోయినట్టే. పిగ్మెంట్ సిరా ఆరాక చెదరదు గానీ కలంలో ఎండితే ముల్లు పూడుకుపోతుంది కాబట్టి రెండు వారాలకోసారి కడగాలి. పేజీ తడిస్తే తుడవకండి. పైన పొడి కాగితం అద్ది, తడిగా ఉన్నప్పుడే ఫోన్‌తో ఫొటో తీసి, నీడలో ఆరబెట్టండి.

చీటీలకు గోడ ఎందుకు? ఇనుప బీరువా తలుపు లోపలివైపు అయస్కాంతాలతో అంటించండి. రాసేటప్పుడు తలుపు తీస్తే నవలంతా కళ్లముందు ఉంటుంది, లేచేటప్పుడు మూస్తే చాలు.

మామునూరు రోడ్డు:
కాగితాల మీద చిమ్మడం గురించి. ఏడు నెలల మగపిల్లి ఈడుకు వచ్చినట్టే. తోక నిలబెట్టి వణికిస్తూ, నిలువుగా ఉన్నదాని మీద వెనక్కి చిమ్మితే అది హద్దు గుర్తు. కూర్చుని పోస్తే వేరే కారణం: దొడ్డికి వెళ్లే ఇసుక తట్ట మురికిగా ఉండటమో, మూత్రంలో మంటో. మొదటిదానికి మందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే. ఆలస్యం చేయొద్దు. అలవాటు ముదిరాక చేయిస్తే కొన్ని మానవు. చేయించాక కూడా ఒంట్లో హార్మోను తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, మర్నాడే ఫలితం చూడకండి. తల్లికీ చేయించండి, పిల్లి చూలు తొమ్మిది వారాలే, ఏడాదికి రెండు మూడు ఈతలు మామూలే. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగి చూడండి. తీసుకెళ్లేటప్పుడు గోనెసంచి వద్దు, ఊపిరాడదు. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట వాడండి.

మగపిల్లి పదేపదే తట్టలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మూత్రం అడ్డుపడిందని అర్థం. ఒక రోజు ఆగినా ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజు రాత మానేసి డాక్టరు దగ్గరికి బయలుదేరండి.

చిమ్మిన చోట ఫినాయిల్‌తో కడగొద్దు. అందులోని పదార్థాలు పిల్లికి విషం, పాదాలకంటినది నాక్కుంటుంది. ముందు పాత గుడ్డతో అద్ది, సబ్బునీళ్లతో కడిగి, సగం నీళ్లు సగం వెనిగర్ చల్లి ఆరనివ్వండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది.

రాసేవాళ్ల గదిలో అసలు ప్రమాదం సిరా కంటే దారం, రబ్బరు బ్యాండ్లు. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలికి వంగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మలేదు, మింగుతుంది. అది పేగులో చిక్కుకుంటే పేగు కుచ్చెళ్లలా ముడుచుకుని తెగుతుంది. నోటి నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకండి, కత్తిరించకండి, అలాగే డాక్టరుకు చూపించండి. చిత్తుప్రతిని దారంతో కట్టకుండా మూత ఉన్న ఫైలుపెట్టెలో పెట్టండి.

పుస్తకాల బీరువాలో నాఫ్తలిన్ గోళీలు ఉంటే తీసేయండి, అవీ విషమే. ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి పెట్టండి, ఆరు నెలలకోసారి మార్చండి. ఎలుకల మందు కూడా వద్దు, మందు తిన్న ఎలుకను పిల్లి తింటుంది. పారాసిటమాల్ ఒక్క గోళీ చాలు పిల్లిని చంపడానికి. కుక్కలకు చల్లే పర్మెత్రిన్ గోమారి మందూ అంతే.

పత్తికట్టె:
పైన జెప్పినయన్ని కరెక్టే గని, తట్ట ముచ్చట ఎవ్వలు జెప్పలే. మూడు పిల్లులకు నాలుగు తట్టలు గావాలె. మేస్త్రీలు వాడే ప్లాస్టిక్ తట్టల సన్న ఇసుక నాలుగు వేళ్ల మందం పొయ్యిర్రి. దొడ్డుకంకర ఉంటె జల్లెడ పట్టాలె. దినాం తీసెయ్యాలె, వారానికోపారి మొత్తం మార్చాలె. ఊక పోస్తె అగ్గువనే గని కాళ్లకు అంటుకొని ఇల్లంత తిరుగుతది, మీ కాగితాల నడుమ కూడ. తట్ట, తిండి గిన్నె పక్కపక్క పెడితె పిల్లి తట్ట ముట్టది.

ఇంకోటి, కిటికీ తెరిచి రాస్తున్నరా? మనూర్ల కోతులు ఆ సందు చూస్తె పిల్లులే నయం అనిపిస్తది. ఇనుప జాలీ కొట్టిచ్చుర్రి.

వత్తుల గోల:
ల్యాప్‌టాప్ విషయం. కీబోర్డు మీద పిల్లి పడుకుంటే ఆటోసేవ్ మిమ్మల్ని కాపాడదు, అది చెరిపిన దాన్నే శ్రద్ధగా సేవ్ చేస్తుంది. రోజూ ఫైలును తేదీ పేరుతో కొత్త కాపీ చేసి అందులో రాయండి, నిన్నటిది ముట్టొద్దు. లేచినప్పుడల్లా విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కండి, తెరకు తాళం పడుతుంది. పైన చిన్న చెక్కపీటను గొడుగులా దించండి. పీట కాళ్లు కీబోర్డుకు అటూ ఇటూ ఉండాలి, బరువు మీటల మీద పడకూడదు. పిల్లి పీట మీద కూర్చుంటుంది, గొడవ లేదు.

ఛార్జరు తీగకు కరెంటు పనివాళ్లు వాడే మడత పైపు తొడగండి. ప్లగ్గు దూరదు కాబట్టి పైపును పొడవునా బ్లేడుతో చీల్చి తొడిగి, జానెడుకో చోట టేపు చుట్టండి. గాలి రంధ్రాల్లో వెంట్రుకలు పేరుకుంటే యంత్రం వేడెక్కి నెమ్మదిస్తుంది. నెలకోసారి ఆపేసి మెత్తని బ్రష్‌తో దులపండి.

యూనికోడ్‌లోనే టైపు చేయండి. పేజీలు కట్టే డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో అడిగితే చివర్లో ఒకేసారి మార్చి ఇవ్వండి, అసలు ప్రతి యూనికోడ్‌లోనే ఉంచుకోండి. మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి, ప్రూఫు చూసేటప్పుడు ముందు వాటినే వెతకండి. అక్కడ తప్పులుంటే మాత్రం పిల్లి మీదికి నెట్టలేం.

నీలిసిరా:
అందరికీ ధన్యవాదాలు. ఆపరేషన్‌కు రెండింటినీ ఒకేసారి తీసుకెళ్తాను. మరో అనుమానం. పాత పత్రికలు చూసే పని మీద హనుమకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం గ్రంథాలయానికి వెళ్లి రెండు రోజులు ఉండాలి. పిల్లుల్ని ఇంట్లో వదలొచ్చా? ఆడపిల్లి నిన్న ఆటలో చేయి గీరింది, రక్తం చుక్క వచ్చింది. దానికేమైనా చేయాలా?

మామునూరు రోడ్డు:
గీరిన సంగతి ముందు. సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పెట్టొద్దు. ఊళ్లో తిరిగే పిల్లి కాబట్టి ఈరోజే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లండి. రక్తం వచ్చిందని తప్పకుండా చెప్పండి, రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే సూది) ఇవ్వాలా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. మధ్యలో మానొద్దు. పిల్లులకు కూడా మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి.

రెండు రోజులు ఒంటరిగా వదలకండి. పక్కింటివాళ్లు పూటకోసారి వచ్చి తిండి పెట్టి, తట్ట తీసేలా మాట్లాడుకోండి. నీళ్లు రెండు చోట్ల, దొర్లని మట్టి మూకుళ్లలో. ఆవుపాలు పోయమని చెప్పకండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు పట్టుకుంటాయి. రాత గదికి తాళం వేసి వెళ్లండి, వేసే ముందు బీరువా పైనా, అట్టపెట్టెలోనూ చూసి మూడింటినీ లెక్కపెట్టుకోండి.