వేటకొడవలిలో ‘వేట’ ఏ వేట? ఈలపీటలో ‘ఈల’ ఎక్కడిది?

పాత కత్తులు పోగేయడం నాకో పిచ్చి. రాజుల ఖడ్గాలు కావు లెండి. చూరులో దోపిన కొడవళ్లు, అటక మీద తుప్పు పట్టిన కత్తిపీటలు, పాత ఇనుము బండి దగ్గర కిలో లెక్కన కొన్న మచ్చుకత్తులు. ఒక్కోదానికీ దారంతో చీటీ కట్టి ఊరు, పేరు, పని రాసుకుంటాను. వస్తువు దొరికినంత తేలిగ్గా పేరు దొరకడం లేదు. ఎవరిని అడిగినా ముందు “కత్తే కదండీ” అంటారు. కాసేపు కూర్చుని మళ్లీ అడిగితేనే అసలు పేరు బయటికొస్తుంది.

రెండు చీటీల దగ్గర ఆగిపోయాను. అనంతపురం వైపు నుంచి వచ్చిన వేటకొడవలి ఒకటి. పొడుగు అలుగు, అంటే కోసే ఇనుప రేకు, కొసన మాత్రం వంపు. ఇందులో ‘వేట’ అంటే అడవిలో ఆడే వేటేనా? దీన్ని పట్టుకుని జింక వెంట ఎవరు పరిగెత్తారు? రెండోది కూరలు తరిగేది. మా గుంటూరు వైపు కత్తిపీట అంటాం. వరంగల్‌లో ఇది నాకిచ్చిన పెద్దమ్మ మాత్రం ఈలపీట అంది. నోటితో వేసే ఈలకీ దీనికీ చుట్టరికం ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

సీమబిడ్డ: అన్నా, మా పక్క వేట అంటే పొట్టేలో మేకపోతో. “జాతరకు వేట కొట్టినారు” అంటాము. ఆ వేట కొట్టే కొడవలి గాబట్టి వేటకొడవలి. సినిమాలొచ్చి దానికి మనుషుల రక్తం పూసినాయి గానీ, మా ఇంట్లో ఉండేదాంతో మా జేజినాయన కంపచెట్లు కొట్టేవాడు, అంతే.

పాత నిఘంటువు: మరో దారీ ఉందండీ. ‘వేయు’ నుంచి ‘వేటు’ వచ్చింది. గొడ్డలి వేటు, కత్తి వేటు అంటాం కదా. తమిళంలో వెట్టు అంటే నరకడం, అక్కడ వెట్టుకత్తి అనే కత్తే ఉంది. అలా చూస్తే ఇది వేటు వేసే కొడవలి కావాలి.

నేను: వేటుకొడవలి అని ఎవరి నోటా వినలేదండీ. సీమబిడ్డ చెప్పింది చదివాక నా తెలివికి నాకే నవ్వొచ్చింది. మా వీధి చివర మాంసం కొట్టు బోర్డు మీద ‘వేట మాంసం’ అనే రాసి ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, అది అడవి మాంసమని ఒక్కరోజూ అనుకోలేదు. వేటపోతులో వేట, వేట మాంసంలో వేట, ఈ కొడవలిలో వేట ఒకటే అనిపిస్తోంది. నా ఓటు పొట్టేలుకే.

పాత నిఘంటువు: ఒప్పుకుంటాను. అయితే ‘కొడవలి’ని కూడా విప్పి చూడండి. తమిళంలో కొడువాళ్ ఉంది. కొడు అంటే వంపు, వాళ్ అంటే కత్తి. వాళ్ల అరివాళ్‌లోనూ అదే వాళ్, అరి అంటే కోయడం. మన పాత తెలుగులో కత్తికి ‘వాలు’ అనే మాట ఉంది. అంటే కొడవలి వంపుకత్తే. మీ వేటకొడవలి మూడు వంతులు నిటారుగా ఉన్నా కొసన ఆ కాస్త వంకర ఉండబట్టే కొడవళ్ల ఇంట్లో చేరింది.

కొలిమి మనవడు: మా తాత కమ్మరి. మీరంతా పేరు చూసి వస్తువును పోలుస్తున్నారు, ఆయన వేలితో పోల్చేవాడు. వాదర మీద, అంటే పదునైన అంచు మీద, బొటనవేలు అడ్డంగా ఆనించి, గరగరలాడితే కోత కొడవలి అనేవాడు. ఆ గరగరే కక్కు. సన్నటి పళ్లన్నమాట, వరి దంటు జారకుండా పట్టుకునేవి అవే. ఈ రకాన్ని సాన పట్టరు, కొలిమికి తెచ్చి మళ్లీ కక్కు కొట్టించుకుంటారు. కక్కు ఒక పక్కే ఉంటుంది. ఎడమచేతి వాటం మనిషి అడిగితే రెండో పక్క కొట్టాలి. మీ దగ్గర అలాంటిది ఒక్కటున్నా జాగ్రత్తగా దాచండి. ఇంకో మాట, కక్కు అరిగిపోయిన కోత కొడవలి గడ్డి కోతకు దిగిపోతుంది. దాన్ని చూసి గడ్డి కొడవలి అని చీటీ కడితే సగమే నిజం.

నేను: రెండు చీటీలు ఇప్పుడే విప్పేశాను!

నల్లగొండ బిడ్డ: ఈలపీట సంగతి ఎవ్వరూ ఎత్తుతలేరు. మా తాన గదే మాట, కత్తిపీట అంటే పుస్తకంల మాట లెక్క అనిపిస్తది. నోటితోని వేసే ఈలకు దీనికి సంబంధం లేదు. ఈల అంటే ఆ కత్తే, పీట అంటే కూసునే పీట.

పాత నిఘంటువు: నిజమే, ఈలకత్తి అని నిఘంటువుల్లోనూ ఉంది. కన్నడంలో ఈ వస్తువు ఈళిగె మణె. మణె అంటే పీటే. మరాఠీలో విళీ అంటారు. పొరుగు భాషలతో కలిసి నడిచిన మాట తెలంగాణలో నిలిచింది, కోస్తాలో కత్తిపీట స్థిరపడింది.

నల్లగొండ బిడ్డ: మరి “కందకు లేని దురద కత్తిపీటకెందుకు” అన్న సామెతల ఈలపీట పెట్టి చూడుండ్రి. ప్రాస పోయె, మజా పోయె.

గోదావరి అత్తయ్య: మా ఇంట్లో “కందకు లేని దురద బచ్చలికెందుకు” అనేవాళ్లమ్మా. కందా బచ్చలీ కలిపి వండే కూర మాది. కూరలో పక్కనున్నది గోల చేస్తోందని ఎత్తిపొడుపు. మీ కత్తిపీట ఎక్కడి నుంచి దూరింది?

కొలిమి మనవడు: అత్తయ్యా, కందను మొదట ముట్టుకునేది కత్తిపీటే కదా. బచ్చలి ఆ తరవాతెప్పుడో కుండలో కలుస్తుంది.

గోదావరి అత్తయ్య: అలా అయితే మొదట దురద పుట్టేది తరిగే నా చేతికి నాయనా. చింతపండు నీళ్లతో కడుక్కునేదాన్ని నేను. కత్తిపీట కడుక్కోదు.

సీమబిడ్డ: మచ్చుకత్తి గురించి ఒక మాట. బెంగళూరులో ఒకాయన మచ్చు, మషెటీ (పొదలు నరికే పొడుగు కత్తికి ఇంగ్లిషు పేరు) ఒకే మాట అని వాదిస్తాడు.

పాత నిఘంటువు: చెవికి ఒకటిగా వినిపించడమే తప్ప సంబంధం లేదు. మషెటీ స్పానిష్ మాట, అక్కడి సమ్మెట పేరు నుంచి వచ్చిందంటారు. మచ్చు కన్నడంలోనూ కొట్టుకత్తి పేరే, మన మచ్చుకత్తి దానికి దగ్గరి చుట్టం. నిజంగా పైనుంచి వచ్చింది చాకు. పారసీ మాట, ఉర్దూ మీదుగా మన వంటింట్లోకి చేరింది. దాన్ని పరాయిది అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

కొలిమి మనవడు: మీ ఈలపీట ఫొటోలో నాకొక అనుమానం. అలుగు పాతదే గానీ పీట టేకు, కొత్తగా నునుపుగా ఉంది. అలుగు అరిగితే కొలిమికి తెస్తారు, పీట పగిలితే వడ్రంగి మారుస్తాడు. ఇద్దరి పనీ ఒకే కాలానిది కాకపోవచ్చు.

నేను: పెద్దమ్మను ఫోన్‌లో అడిగాను. పీట మూడోదట. అలుగు మాత్రం ఆమె అత్తగారిది. చీటీ ఇలా మార్చాను: ‘ఈలపీట. వరంగల్. అలుగు అత్తది, పీట కోడలిది.’